స్లాబింటి బొడ్డమ్మ

మొగలిపేటలో బొడ్డమ్మలు ముగ్గురు. ముసలమ్మ పేరు మనవరాలికి పెట్టుకుంటూ పోయే ఊళ్ళో అదేమంత వింత కాదు. ఒకామె రేవుకాడ బొడ్డమ్మ, ఒకామె మెల్లకన్ను బొడ్డమ్మ, మూడో ఆమె స్లాబింటి బొడ్డమ్మ. ఆ మూడో పేరు మొదట్లో ఊరివాళ్ళు కాస్త గౌరవంగానే పెట్టారు. రెండేళ్ళు తిరిగేసరికి అదే మాట ఎత్తిపొడుపైపోయింది.

అక్కుపల్లి దాటి ఇసకదిబ్బల మీదుగా నడిస్తే మొగలిడొంకల వెనక కనిపిస్తుంది ఆ ఊరు. నూటపాతిక గడప. అన్నీ తాటాకు ఇళ్ళే. చూరు కింద నడుం వంచితే తప్ప లోపలికి పోలేం. బొడ్డమ్మ ఆ ఊళ్ళోనే పుట్టింది, ఆ ఊళ్ళోనే మెట్టింది. మొగుడు లోకనాథం వరసకి మేనమామ కొడుకు. తెప్ప మీద వేటకి పోయేవాడు. బొడ్డమ్మ నెత్తళ్ళ చేపలు ఇసకలో ఎండబెట్టి, తట్టకెత్తుకుని, పూండి స్టేషను దాకా నడిచి, ప్యాసింజరెక్కి పలాసలో అమ్ముకొచ్చేది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. వీధి మొదట్లో ఆవిడ కేక వినపడగానే జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు ఇంట్లో చింతపండు నానేయమని పిల్లల్ని పురమాయించేవాళ్ళు.

తొంభై తొమ్మిది అక్టోబరు తుపాను వాళ్ళ తెప్పనీ వలనీ పట్టుకుపోయింది. ఇల్లూ పోయింది గాని, తాటాకు ఇల్లు పోవడం అక్కడ ఎవరూ పట్టించుకునే విషయం కాదు. వారంలో మళ్ళీ కప్పుకుంటారు. తెప్ప పోవడమే పోవడం. లోకనాథం మరో పదిమందితో కలిసి గుజరాతు బోట్ల మీద పనికి పోయాడు. అప్పటినుంచీ వేట ఆపేసే వానాకాలం రెండు నెలలు తప్ప ఇంటిపట్టున ఉన్నది లేదు. గుడిసెలో మిగిలింది బొడ్డమ్మ, అత్త అప్పలనరసమ్మ, మరిది, తోడికోడలు, వాళ్ళ పిల్లలిద్దరు, బొడ్డమ్మ కూతురు సుస్మిత. ఏడుగురికీ ఒక్కటే గది.

సుస్మిత అన్నది టీకాలేసే నర్సమ్మ పెట్టిన పేరు. ఆ పిల్ల తర్వాత బొడ్డమ్మకి కడుపు నిలవలేదు. ఒక్కగానొక్క పిల్లని ఇద్దరు పెంచారు: ఒకరు బొడ్డమ్మ, రెండోవారు ఆవిడ చెల్లెలు పార్వతి. పార్వతి మొగుడు పెళ్ళైన రెండో ఏడు వేటకి పోయి తిరిగి రాలేదు. పిల్లల్లేరు. అక్క గుడిసెకి నాలుగు గుడిసెల అవతల ఒంటరిగా ఉండేది. బొడ్డమ్మ పలాస వెళ్ళిన రోజున పిల్ల పార్వతి చంకలోనే పెరిగేది.

రెండువేల రెండు వానాకాలంలో, ఏడేళ్ళ పిల్ల ఒకరోజు పొద్దున్న లేచి నిలబడలేకపోయింది. మోకాలు వాచి నున్నగా మెరుస్తోంది. ముట్టుకుంటే కెవ్వుమంటోంది. రెండు రోజులకి మోకాలు తగ్గింది, మోచెయ్యి వాచింది. అదీ తగ్గి చీలమండ అందుకుంది. "గాలి సోకినాది. ఒంట్లో తిరగతంది" అని అప్పలనరసమ్మ వేపమండలు తెప్పించింది. ఊళ్ళోకొచ్చే సూదిమందాయన నొప్పికి సూదేసి వెళ్ళాడు. జ్వరం మాత్రం తగ్గలేదు. చివరికి అక్కచెల్లెళ్ళిద్దరూ పిల్లని మార్చి మార్చి ఎత్తుకుని టెక్కలి ఆసుపత్రికి చేరారు.

అక్కడి డాక్టరు పిల్ల గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత అడిగిన ప్రశ్నలు బొడ్డమ్మకి చిత్రంగా తోచాయి. ఇంట్లో ఎన్ని గదులు? ఎంతమంది పడుకుంటారు? నేల ఏమిటి? వానొస్తే కారుతుందా?

"కారక మానతాదేటి బావూ? తాటాకిల్లు" అంది బొడ్డమ్మ.

"నెల కిందట పిల్లకి గొంతు నొప్పి వచ్చిందా?"

"వచ్చినాది. తగ్గిపోనాది."

"తగ్గలేదమ్మా. అది గొంతులోంచి కీళ్ళలోకి దిగింది, అక్కణ్ణించి గుండెకి పాకింది. గుండెలో తలుపుల్లాంటివి ఉంటాయి. అవి దెబ్బతింటున్నాయి. ఇక ఇరవైయ్యొక్క రోజులకోసారి ఇంజెక్షను వేయించాలి. ఏళ్ళ తరబడి. ఒక్కటీ తప్పకూడదు. మళ్ళీ గొంతు నొప్పి రానివ్వకూడదు."

"రాకుండా ఏటి సెయ్యాల?"

"ఏడుగురు ఒకే గదిలో ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తూ, తడి ఇసక మీద పడుకుంటే రాక మానదు. పొడి నేల, గాలాడే గది కావాలి. అసలు మందు అది."

"ఆ మందు ఏ కొట్లో దొరుకుద్ది బావూ?"

ఆవిడ వెటకారంగా అనలేదు. డాక్టరూ నవ్వలేదు. చీటీ తిప్పి వెనక నాలుగు వాక్యాలు రాశాడు: ఈ పాపకు గుండె జబ్బు ఉన్నది, గాలి వెలుతురు గల పొడి ఇల్లు అవసరము అని. కింద సంతకం చేసి ముద్ర వేయించాడు. "మీ మండలాఫీసులో చూపించు. ఇళ్ళ జాబితాలు రాస్తుంటారు" అన్నాడు.

ఆ చీటీని బొడ్డమ్మ ప్లాస్టిక్ కవర్లో పెట్టి రెండేళ్ళు తిరిగింది. పలాస బజారులో తట్ట ఖాళీ అయితే చాలు, తిన్నగా ఆఫీసులకే. చూసినవాళ్ళంతా అయ్యో అన్నారు. ఒకరు పిల్లకి బిస్కట్టు కూడా ఇచ్చారు. మరోపక్క ఇంజెక్షన్లు సాగాయి. ఆ సూది మామూలు సూది కాదు. మందు చిక్కగా ఉండి తొడలోకి మెల్లగా దిగేది, ఆ రోజంతా పిల్ల కుంటుతూనే ఉండేది. అయినా పార్వతి ఇరవైయ్యొకటో రోజు మరిచింది లేదు. అక్కకి వీలు కాకపోతే తనే తీసుకెళ్ళేది.

రెండువేల నాలుగులో మొగలిపేటకి పన్నెండు ఇళ్ళొచ్చాయి. జాబితాలో పార్వతి పేరుంది, వితంతువు కింద. బొడ్డమ్మ పేరు లేదు. రాసిన రోజున మొగుడు ఊళ్ళో లేడని వదిలేశారట. రేవు దగ్గర పెద్దలు కూర్చుని పేర్లు చదువుతుంటే బొడ్డమ్మ చీటీ పట్టుకుని వెళ్ళి నోరు తెరవబోయింది. ఆవిడకంటే ముందు పార్వతి లేచింది.

"నాకొచ్చినది మా అప్పకి రాసీండి" అంది.

ఒక పెద్దాయన, "మల్లీ నీకు వత్తాదో రాదో, ఆలోసించుకో" అన్నాడు.

"రాకపోతే మానీ. ఒంటిమనిసిని, నాకు స్లాబేటికి? ఆ పిల్లగుంటకి గావాల."

బొడ్డమ్మ జీవితంలో నోట మాట రాని రోజు అదొక్కటే అంటారు.

ఇళ్ళస్థలాలు తీరాన కాదు. రెండు మైళ్ళు లోపలికి, పూండి రోడ్డు వైపు, జీడితోటల అంచున ఎర్రనేల మీద ఇచ్చారు. సముద్రానికి దూరమని కొందరు సణిగారు. బొడ్డమ్మకి ఆ దూరమే నచ్చింది, ఇసక చెమ్మ ఉండదని. సిమెంటు సర్కారువాళ్ళిచ్చారు, ఒళ్ళు వీళ్ళు వంచారు. అక్కచెల్లెళ్ళిద్దరూ ఇటుకలు మోశారు, రాళ్ళు మోశారు. స్లాబు పోశాక రోజుకి నలభై బిందెలు నీళ్ళు నిచ్చెనెక్కించి తడిపారు. తక్కినవాళ్ళలో చాలామంది గోడలు లేచి స్లాబు పడగానే చాలనుకుని ఇటుక కనిపిస్తుండగానే కాపురం పెట్టేశారు. బొడ్డమ్మ ఊరుకోలేదు. డాక్టరు చెమ్మ వద్దన్నాడు కాబట్టి లోపలా బయటా ప్లాస్టరింగు చేయించింది. గాలాడాలన్నాడు కాబట్టి రెండు కిటికీలు పెట్టించింది. లోకనాథం గుజరాతు నుంచి ఒక ఫ్యాను మోసుకొచ్చాడు. గోడలకి లేతనీలం రంగు సున్నం కొట్టారు. కాలనీలో దూరాన్నుంచి కనిపించే ఇల్లు అదొక్కటే. స్లాబింటి బొడ్డమ్మ అన్న పేరు అప్పుడే పడింది.

ఆ ఇంట్లో రెండున్నరేళ్ళు సుస్మితకి గొంతు నొప్పన్నది రాలేదు. ఒళ్ళు చేసింది. పూండి స్కూలుకి నడిచి వెళ్ళొచ్చేది. టెక్కలి డాక్టరు గొట్టం పెట్టి విని, పాత దెబ్బ ఉంది గాని కొత్తది లేదు, ఇల్లు మార్చడం మంచిదైంది అన్నాడు. పార్వతి మాత్రం తీరాన తన తాటాకు గుడిసెలోనే ఉంది. రమ్మంటే, "సేపలు ఇక్కడ, నానక్కడా?" అనేది.

రెండువేల ఏడు మొదట్లో రేషను కార్డుల సర్వే అంటూ ఒకాయన కాలనీకొచ్చాడు. ఎండకి అలసిపోయి ఉన్నాడు. బొడ్డమ్మ అరుగు మీద కూర్చోబెట్టి, కొబ్బరిబోండం కొట్టించి ఇచ్చింది.

"ఇల్లు ఎవరి పేర ఉందమ్మా?"

"నా పేరే."

"స్లాబేనా?"

"స్లాబే బావూ. సుక్క కారదు. పైకెక్కి సూడండి కావాలంటే."

"ప్లాస్టరింగు కూడా చేయించారే! ఫ్యాను కూడా ఉందే!"

"మా గుంటకి గాలి గావాలని డాక్టరు సెప్పినాడు."

ఆయన రాసుకున్నాడు. మీ ఆయనెక్కడ అని అడిగాడు. గుజరాతు బోట్ల మీద అని చెప్పింది. అదీ రాసుకున్నాడు. తనకి ప్రాణంగా ఉన్న ఇంటిని ఒకరు అంత శ్రద్ధగా చూసి రాసుకోవడం ఆవిడకి ఆనందమే కలిగించింది. వెళ్ళేటప్పుడు ఇంకో బోండం చేతికిచ్చి మరీ పంపింది.

నాలుగు నెలల తర్వాత బియ్యానికి వెళితే రేషను డిపో కన్నయ్య ఆవిడ కార్డు తిప్పి తిప్పి చూసి, గొంతు తగ్గించి, "బొడ్డమ్మా, నీ తెల్లకార్డు తీసీసినారు. గులాబీ అయిపోనాది. నీకు పక్కా ఇల్లుంది, మొగుడికి బయట సంపాదనుంది అని వచ్చినాది" అన్నాడు. కాలనీలో అలా పోయినవి ఐదు. తక్కిన ఏడు ఇళ్ళూ ఇటుక గోడలతో మొండిగా ఉండడం వల్ల 'పూర్తి కాలేదు' అని రాసుకున్నారట. బియ్యం పోతే పోయింది, గంజి తాగుతాం అనుకుంది బొడ్డమ్మ. ఊళ్ళోవాళ్ళు మాత్రం, "స్లాబింటి దొరసానికి డిపో బియ్యమెందుకులే" అని నవ్వారు. బాధ లేదు, నవ్వనీ అనుకుంది.

ఆ ఏడు శీతాకాలం రాకముందే సుస్మిత ఆయాసపడడం మొదలుపెట్టింది. ముందు స్కూలు దారిలో ఒకసారి ఆగేది, తర్వాత మూడుసార్లు. తర్వాత వెల్లకిలా పడుకుంటే ఊపిరాడడం లేదని కూర్చుని గోడకి ఆనుకునేది. ఇంజెక్షను ఒక్కటీ తప్పలేదు. గొంతు నొప్పి రాలేదు. మరేమిటి? డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. చిన్నప్పుడు గుడిసెలో తగిలిన దెబ్బకి గుండె తలుపు ఒకటి గట్టిపడింది. పిల్ల ఎదిగింది, తలుపు ఎదగలేదు. రక్తం దూరడం లేదు.

"ఆపరేషను చేసి తలుపు మార్చాలి. విశాఖపట్నంలో చేస్తారు. భయపడకు, ఇప్పుడు బీదవాళ్ళకి ప్రభుత్వమే ఉచితంగా చేయిస్తోంది. తెల్లకార్డు తీసుకెళితే చాలు. ఉంది కదా నీకు?"

పక్కనున్న పార్వతి, "ఉండేది బావూ" అంది.

ఆ మర్నాటినుంచి ఆఫీసుల చుట్టూ మళ్ళీ తిరుగుడు. ఈసారి ప్లాస్టిక్ కవర్లో రెండు చీటీలు. ఇల్లు కావాలన్నది ఒకటి, ఆపరేషను కావాలన్నది ఒకటి. అక్కడ ఒక గుమాస్తా కసరలేదు, ఓపిగ్గానే మాట్లాడాడు.

"పక్కా ఇల్లున్నవాళ్ళకి తెల్లకార్డు రాదమ్మా. రూలు."

"ఆ ఇల్లు నా సొంతానికి కట్టుకున్నది కాదు బావూ. మీరిచ్చినదే."

"ఇచ్చింది వేరే సెక్షను."

"ఏ సెక్షనైతేనేటి? గవర్నమెంటొక్కటే కాదేటి?"

ఆయన తల గోక్కున్నాడు. "అర్జీ పెట్టుకో. విచారణకొస్తారు. ఆరు నెల్లకో, ఏడాదికో."

"అన్నాళ్ళు ఈ గుంట ఉండదు." కొంగున కట్టుకున్న తాళంచెవి విప్పి ఆయన బల్ల మీద పెట్టింది. "పోనీ ఇల్లు తీసీసుకోండి. తాళం ఇచ్చెత్తన్నాను. ఇల్లు లేదని రాసి కార్డియ్యండి."

"ఇచ్చిన ఇల్లు వెనక్కి తీసుకునే ఫారం మా దగ్గర లేదమ్మా" అన్నాడాయన. ఎగతాళి కాదు. నిజంగానే లేదు.

ఉపాయం చెప్పింది డిపో కన్నయ్యే. పార్వతిది తెల్లకార్డు, ఒంటిమనిషి కార్డు. అందులో పిల్ల పేరు చేర్పిస్తే? చిన్నప్పటినుంచీ పెంచుకుంటున్నాను, ఇప్పుడు కార్డులో చేర్చండి అని పార్వతి రాసిస్తే? ఊరి పెద్దలు సంతకం పెడితే?

"అప్పుడు కాయితం మీద గుంట దానిదైపోద్ది" అంది బొడ్డమ్మ.

"కాయితం మీదే కదా!" అన్నాడు కన్నయ్య.

పార్వతి వెంటనే ఒప్పుకోలేదు. "నాకొద్దప్పా. బిడ్డ మాట అలాగ రాసుకోకూడదు. సెడు జరుగుద్ది" అని ఏడ్చింది. పిల్ల గోడకి ఆనుకుని రొప్పుతూ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. అప్పలనరసమ్మే విసుక్కుంది: "ఇల్లియ్యడానికి లేసినావు, ఇప్పుడు పేరియ్యడానికి ఏడుత్తావేటే? బతకనీ ముందు."

కార్డు కోసం కంటిపాప ఫొటో తీసే మెషిను దగ్గర సుస్మితని కూర్చోబెట్టారు. మెషిను పక్కనున్నతను "తల్లి పేరు?" అన్నాడు. పిల్ల బొడ్డమ్మ వైపు చూసింది. బొడ్డమ్మ గుమ్మం వైపు చూసింది. "పార్వతి" అంది పిల్ల.

రెండువేల ఎనిమిది ఫిబ్రవరిలో విశాఖపట్నం బయల్దేరారు. రైల్లో బొడ్డమ్మ కూతురికి పాఠం చెప్పింది. "ఆసుపత్రిలో దాన్ని అమ్మా అని పిలు. నన్ను పెద్దమ్మా అను. నోరు జారినావంటే అయిపోద్ది. తిప్పి పంపెత్తారు." పిల్ల తలూపింది. పదమూడేళ్ళది. అన్నీ తెలుసు.

అది పెద్ద ప్రైవేటు ఆసుపత్రి. రోగితో ఒకరే ఉండాలి, కార్డులో ఉన్న తల్లో తండ్రో. పార్వతి లోపలికెళ్ళింది. బొడ్డమ్మ గేటు అవతల వేపచెట్టు కింద పదహారు రోజులుంది. సంతకాల దగ్గర పార్వతి వేలిముద్ర. మత్తు ఇచ్చేముందు పిల్ల పట్టుకున్నది పార్వతి చెయ్యి. గుండె తెరిచిన రోజున ఆరు గంటలు బొడ్డమ్మకి ఏమీ తెలియలేదు. సాయంత్రం పార్వతి గేటు దగ్గరికి పరుగున వచ్చి ఊచల్లోంచి చెయ్యి చాపి, "బాగుందప్పా! కళ్ళు తెరిసినాది! అమ్మా అని పిలిసినాది!" అంది. అని, నాలిక కరుచుకుంది. బొడ్డమ్మ ఆ చెయ్యి పట్టుకుని, "మంచి మాట సెప్పినావు" అంది.

ఆపరేషను బాగా జరిగింది. ఆ మాట చెప్పుకోవాలి. కొత్త తలుపు లోహంది. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు దగ్గర కూర్చుంటే చిన్న టిక్కుటిక్కు వినిపించేది. ఇక బతికినన్నాళ్ళూ రక్తం పలచనయ్యే మాత్రలు మింగాలి, నెలనెలా విశాఖలో రక్తపరీక్ష చేయించాలి. మాత్రలూ పరీక్షా అన్నీ ఆ కార్డు మీదే. పిల్లని కాలనీ ఇంటికి తెచ్చి, ఫ్యాను కింద పడుకోబెట్టి, బొడ్డమ్మ నెలన్నర ఎండుచేపల తట్ట ముట్టుకోలేదు.

మే నెలలో ఎవరో ఫిర్యాదు రాశారు. కార్డు పోయిన ఐదుగురిలో ఒకరే అయ్యుండాలి. వాళ్ళ కడుపుమంటా అబద్ధం కాదు. ఒక మధ్యాహ్నం విచారణకని ఒకాయన మొగలిపేట వెళ్ళి పార్వతి గుడిసె చూశాడు. పిల్ల లేదు. తిన్నగా కాలనీకొచ్చాడు. పిల్ల బొడ్డమ్మ ఇంట్లో మంచం మీద ఉంది.

"ఈ అమ్మాయి పార్వతి కూతురే కదా? ఇక్కడెందుకుంది?"

"పెద్దమ్మని బావూ. సూడ్డానికొచ్చినాది" అంది బొడ్డమ్మ.

ఆయన పుస్తకం మూసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "నాకు అర్థమైందమ్మా. నాకూ పిల్లలున్నారు. ఈసారికి సరిగ్గానే ఉందని రాస్తాను. కానీ మళ్ళీ ఎవరైనా వస్తే? ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్ళంతా ఒకే కుటుంబం, ఒకే కార్డు. పిల్ల ఈ పొయ్యి మీద తింటే ఈ ఇంటి పిల్లే. అప్పుడు ఆ కార్డు పోతుంది, పరీక్షలు పోతాయి, మాత్రలు పోతాయి. పిల్ల ఆవిడ ఇంట్లోనే ఉండాలి, ఆవిడ పొయ్యి మీదే తినాలి."

"పార్వతిని ఈడకి తెచ్చెత్తాను."

"ఆవిడ స్లాబు కిందకొస్తే ఆవిడ కార్డూ పోతుంది."

"మరి నాను ఆడకెల్లిపోతే?"

"అదే మాట కదమ్మా. ఒకే పొయ్యి" అన్నాడాయన, పాపం, తలొంచుకుని.

మూడో రోజున సుస్మిత బట్టలూ పుస్తకాలూ మాత్రల డబ్బా సర్దుకుని పిన్ని వెంట తీరానికి వెళ్ళిపోయింది. బొడ్డమ్మ వెనకే వెళ్ళి, పార్వతి గుడిసెలో తన చేత్తో మూడు తట్టల ఎర్రమట్టి పోసి పిల్ల పడుకునే చోట నేల ఎత్తు చేసింది. కప్పు మీద టార్పాలిన్ వేయించింది. సిమెంటు మాత్రం వేయలేదు. సిమెంటు వేస్తే ఎవరైనా చూసి రాసుకుంటారు.

జూన్‌లో లోకనాథం వచ్చాడు. ఇంట్లో అడుగు పెట్టి, "గుంటేది?" అన్నాడు. సంగతంతా విని, పెరట్లోకెళ్ళి గునపం తెచ్చాడు. మెట్టు మీద కూర్చున్న బొడ్డమ్మని దాటి, నిచ్చెనెక్కి, స్లాబు అంచున రెండు పోట్లు పొడిచాడు. పెచ్చు లేచి ముంగిట్లో పడింది.

"ఏటి సేత్తన్నావు మావా?"

"కూల్చెత్తాను. ఇల్లుంటేనే కదేటి ఈ గొడవ! కూల్సీసి గుడిసేసుకుందుము."

"అదీ అడిగినాను. సర్కారిల్లు కూలిస్తే కేసవుద్దంట. కేసున్నోడికి అసలే కార్డూ రాదంట. దిగు."

అతను చాలాసేపు పైనే కూర్చున్నాడు. తర్వాత దిగి, గునపం గోడకి ఆనించి, కూతుర్ని చూడ్డానికి తీరానికి నడిచాడు. ఆగస్టులో మళ్ళీ గుజరాతు వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి ఏడు రాలేదు, రాలేనని కబురు మాత్రం పంపాడు.

వానలు పడ్డాయి. టార్పాలిన్ కొంత ఆపింది, గాలి దాన్ని కొంత ఎత్తుకుపోయింది. తీరాన గాలికి నిలిచేది ఏదీ లేదు. సెప్టెంబరులో సుస్మితకి మళ్ళీ గొంతు నొప్పి వచ్చింది, ఆరేళ్ళ తర్వాత. పార్వతి పిల్లని టెక్కలి తీసుకెళ్ళింది, బొడ్డమ్మ వేరే బస్సులో వెనకే వెళ్ళింది. డాక్టరు విని, సర్దుకుంటుంది గాని ఇది మంచిది కాదు, కొత్త తలుపుకి ఇన్‌ఫెక్షను పట్టిందంటే మరో ఆపరేషను ఉండదు అన్నాడు. పాత కాగితాలు తిరగేసి, అయోమయంగా బొడ్డమ్మ వైపు చూశాడు.

"నీకు పొడి ఇల్లుందిగా అమ్మా? పిల్లని తడిలో ఎందుకుంచుతున్నారు?"

ఇన్నేళ్ళలో బొడ్డమ్మ మాట విని రాసిచ్చిన మనిషి ఆయనొక్కడే. పార్వతే చెప్పింది, మొదటినుంచీ. ఆయన పెన్ను మూత పెట్టి తీసి పెట్టి తీసి, చివరికి ఇంజెక్షను చీటీ రాశాడు. వెనక ఈసారి ఏమీ రాయలేదు.

అప్పటినుంచీ బొడ్డమ్మ బతుకు ఒక పద్ధతిలో పడింది. పొద్దున్నే తీరానికెళ్ళి పిల్లని చూసి, తట్టెత్తుకుని పలాస. సాయంత్రం పలాసలో దొరికిన పళ్ళో పాలో పట్టుకుని మళ్ళీ తీరానికి. పార్వతి పొయ్యి ముట్టించే వేళకి లేచిపోతుంది. "కూకో అప్పా, ఎవుడు సూత్తాడు?" అని పార్వతి బతిమాలితే, "ఎవుడో ఒకడు సూత్తాడు" అంటుంది. కాలనీ ఇంట్లో ఆవిడా, కదల్లేని అత్తా. ఫ్యాను గాలికి ముసలామెకి చలేస్తోందని వేయడమే మానేశారు. పార్వతి మీద కోపం తెచ్చుకోవడానికి బొడ్డమ్మ కొన్నాళ్ళు ప్రయత్నించింది కూడా. అంత మంచి చెల్లెలి మీద కోపం నిలవలేదు. నిలిచుంటే కాస్త తేలికయ్యేదేమో.

రెండువేల తొమ్మిది చివర్లో, సుస్మిత పదో తరగతి పరీక్షకి ఫారం నింపే రోజున, హెడ్మాస్టరు ఇంటి పెద్దల్ని రమ్మన్నాడు. పార్వతికి జ్వరంగా ఉండి బొడ్డమ్మ వెళ్ళింది. ఆయన చేతిలో స్కూల్లో చేర్చినప్పటి కాగితం ఉంది, పార్వతి కార్డు జిరాక్సూ ఉంది.

"మాకు చేర్చినప్పుడు తల్లి పేరు బొడ్డమ్మ అని రాశారు. కార్డులో పార్వతి అని ఉంది. ఇది జీవితాంతం ఉండే సర్టిఫికెట్టు. తర్వాత మార్చడం కష్టం. ఏ పేరు రాయమంటారు?"

సుస్మిత బల్ల పక్కన నిలబడి ఉంది. జడలు తనే వేసుకున్నట్టుంది, పాపిడి వంకరగా ఉంది. ఆ నిశ్శబ్దంలో గుండెలోని తలుపు చప్పుడు ఆ గదిలో బొడ్డమ్మకి ఒక్కదానికే వినపడుతోంది.

"రెండూ ఒకలాగుంటేనే మంచిది కదా బావూ?"

"అదే మంచిది."

"పార్వతనే రాసీండి."

ఆయన రాశాడు. మీరేమవుతారని అడిగి, పెద్దమ్మ అని చెప్పించుకుని, అక్కడా వేలిముద్ర వేయించుకున్నాడు.

బయటికొచ్చారు. ఎండ మండుతోంది. పిల్లలంతా క్లాసుల్లో ఉన్నారు, స్కూలు ముంగిట్లో పురుగు లేదు. సుస్మిత తల్లి కొంగుకి అంటిన సిరా చూసి, వంగి, తన చున్నీతో తుడిచింది.

"నడిసి ఎల్లకు పెద్దమ్మా. ఆటో ఎక్కు" అంది.

అని, చున్నీ దులుపుకుని క్లాసుకి వెళ్ళిపోయింది. తానేమన్నదీ పిల్లకి తెలియనే తెలియదు. బొడ్డమ్మ ఆటో ఎక్కలేదు. రోడ్డు వారగా జీడిచెట్ల నీడలో నడుచుకుంటూ కాలనీకి వెళ్ళింది. అత్తకి గంజి పోసింది. సాయంత్రానికి పార్వతి జ్వరానికి మాత్రలు కొనుక్కుని తీరానికి బయల్దేరింది.